నీలి షట్టర్ కోసం రెండు నొక్కుండ్రి

మొన్న గ్యాస్ బండ రాలేదని ఒక కంపెనీకి ఫోన్ చేసిన. ఎత్తింది మనిషి కాదు, రికార్డు. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అన్నది, అని పాట పెట్టింది. పాట అయిపోయినంక మల్ల అదే మాట, మల్ల అదే పాట. నేను ఫోన్ స్పీకర్ల పెట్టి వంకాయలు కోసుకుంట కూసున్న. నాకు తెలవకుంటనే నా నోట్లకెళ్లి "ముఖ్యమైతే ఎత్తు మరి, ఎవలొద్దన్నరు" అని వచ్చింది. వచ్చినంక చాకు పక్కకు పెట్టిన. ఆ మాట నాది కాదు. మా పెద్దమామది.

పెద్దమామ అంటే మా అమ్మకు పెద్దన్న. మహారాష్ట్రల చంద్రపూర్ బజార్ల బోరు మోటర్ల దుకాణం ఆయనది. రికార్డు గొంతులతోని లడాయి పెట్టుకునే మనిషిని నేను ఆయన్నొక్కన్నే చూసిన. బ్యాంకు రికార్డు జర ఆగమంటే, "ఎంతసేపో చెప్పు బిడ్డా, చాయ్ తాగొస్త" అనేటోడు. అది ధన్యవాదాలు చెప్తే "మంచిది, ఉంట మరి" అని మర్యాదగ సెలవు తీసుకునేటోడు. మనుషులకు గంత మర్యాద ఇయ్యంగ నేనైతే చూడలే.

పోయినోళ్ల గురించి మంచిగనే చెప్పాలంటరు. చెప్తా, దొరికితే.

ఫోన్ మోగితే ఆయన కూసోని మాట్లాడకపోయేటోడు. లేచి, అంగి కిందికి గుంజుకొని, గొంతు సవరించుకొని ఎత్తేటోడు. ఎత్తంగనే ఏ ఊరినుంచి అని అడిగి, ఆ ఊరు ఎటుంటే అటు తిరిగేటోడు. కోర్పనా రైతైతే పడమటికి, బామ్ని నుంచి మా అమ్మైతే దక్షిణానికి. నాగపూర్ ఆయన లెక్కల గోదాం దిక్కు ఉన్నది. అందుకని మోటర్ కంపెనీ మేనేజర్‌తోని మాట్లాడినంతసేపు దుకాణంకొచ్చిన గిరాకికి ఆయన వీపే కనబడేది. ఫోన్ తీగ నడుముకు చుట్టుకునేది, మాట్లాడుడైనంక ఉల్టా తిరిగి ఇడిపించుకునేటోడు. గిట్లెందుకు తిరుగుతవ్ మామా అని నేనొకసారి అడిగితే, మనిషి దిక్కు చూడకుంట మాట్లాడితే ఇజ్జత్ ఉంటదా అన్నడు.

గంత ఇజ్జత్ తెలిసిన మనిషి, గోడకు అటు దిక్కున్న సొంత తమ్మునితోని ఏండ్లకేండ్లు మాట్లాడలే.

లడాయి ఏందంటారా? పెండ్లి కార్డు. మా దిక్కు తెలుగోళ్ల పెండ్లి కార్డులు గూడ మరాఠీలనే కొడతరు, తెలుగు మాట్లాడుడే గని చదివేటోళ్లు తక్కువ. కార్డు కింద, పెండ్లికి పిలిచే ఇంటోళ్ల పేర్లు వరుసగ ఉంటయ్. పెద్దమామ బిడ్డ పెండ్లి కార్డుల చిన్నమామ పేరు, పెద్దమామ బామ్మర్ది పేరుకు కిందికి పోయింది. కొట్టింది ప్రెస్సోడు. చూసుకోకుంట ఊరంత పంచింది పెద్దమామ. చిన్నమామ పెండ్లికి వచ్చిండు, అక్షింతలు ఏసిండు, అన్నం ముట్టకుంట పోయిండు. తెల్లారి, ఇద్దరు కలిసి నడిపే దుకాణం పంచుమన్నడు.

పొరపాటైంది తమ్మీ అని ఒక్క ముక్క అంటే ఆడికే అయిపోతుండె. పెద్దమామ నోట్ల ఆ ముక్క లేదు. కార్డుల పేరు ఏడుంటే ఏంది, నేను వానికి అన్నను గానా అన్నడు. ఆ మాటన్న తమ్మునితోని అన్నడా అంటే అదీ లేదు, మా అమ్మతోని అన్నడు. చిన్నమామ ఏం తక్కువోడు గాదు. బామ్మర్దినే పక్కన కూసోబెట్టుకోమను, నేనెందుకు అని ఆయన గూడ మా అమ్మతోనే అన్నడు. ఇద్దరి మాటలు వినేటందుకే మా అమ్మ పుట్టిందనుకున్నరు.

ఇగ దుకాణం నడుమ ఇటుక గోడ లేచింది. ఇటు షట్టర్‌కు నీలి రంగు, అటు షట్టర్‌కు పచ్చ రంగు. మోటర్లు పంచుకున్నరు, బేరింగులు పంచుకున్నరు, పానాలు పంచుకున్నరు. ఫోన్ నంబరొక్కటే పంచరాలే. అది మా తాత నాటి నంబరు. కోర్పనా దాక పత్తి చేన్లల్ల ఉన్న స్టార్టర్ డబ్బాల మీద, ఊర్లల్ల గోడల మీద, అంతట ఆ నంబరే రాసి ఉంటది. నేనిడువ అంటే నేనిడువ అన్నరు. ఆఖరికి మేస్త్రీతోని గోడల కిటికంత కంత ఇడిపించి, ఆ కంతల పెట్టిండ్రు ఫోన్‌ను.

ఫోన్ మోగితే ఎవలో ఒకలు ఎత్తి, ఎవలు కావాలె అని అడగాలె. తమ్మునికైతే పెద్దమామ రిసీవర్‌ను కంతలకెళ్లి అటు నూకి "నీకే" అనేటోడు. అన్నకైతే చిన్నమామ ఇటు నూకి "నీకే" అనేటోడు. ఒక కడుపున పుట్టిన ఇద్దరి నడుమ మిగిలింది ఆ ఒక్క మాట. అన్నా లేదు, తమ్మీ లేదు. నీకే. దినాం పొద్దుగాల నుంచి షట్టర్లు దించేదాక అదే ముచ్చట.

దానికీ ఒక రోజు గండం వచ్చింది. తెచ్చింది చిన్నమామ. ఆయన జర కొత్త తీరు మనిషి. ఒకని ఫోన్ నడిచినంతసేపు రెండోవానికి వచ్చే గిరాకికి ఎంగేజ్ వస్తుంది, చేన్ల నీళ్లు ఆగిపోయిన రైతు ఎంతసేపు ఆగుతడు, ఇంకో దుకాణంకు చేస్తడు అన్నడు. ఇంటర్నెట్ ఫోన్ పెడితే నంబరు అదే ఉంటది, ఇద్దరు ఒక్కసారే మాట్లాడొచ్చు, గిరాకి నొక్కిన అంకెను బట్టి ఎవరి ఫోన్ వాళ్లకే పోతది అన్నడు. ఇదంత నాతోని అన్నడు, పెద్దమామతోని చెప్పుమని. నేను బాబుపేట్‌ల చిన్న ఆఫీస్ పెట్టుకొని దుకాణాలోళ్ల టాక్స్ పనులు చేస్త. కంప్యూటర్ ముంగట కూసుంట గనుక ఫోన్ల సంగతి గూడ నాకే ఎరుకని మా ఇంట్ల అందరి నమ్మకం. పైంగ ఇద్దరికి మేనకోడల్ని, ఏ దిక్కూ పోను.

సంగతి తెలిసి మా అమ్మ బామ్ని నుంచి ఆటో కట్టుకొని వచ్చింది. "ఏ ఫోనన్న పెట్టు బిడ్డా. గని వాళ్ల నోట్లకెళ్లి ఆ ఒక్క మాట పోనియ్యకు. అది పోతే ఇగ ఏం లేదు. ఒకే గోడకు చెరో దిక్కు కూసోని, అట్లనే ముసలోళ్లై పోతరు" అన్నది.

నేను అమ్మను కసిరిన. నీకే అనుడు గూడ ఒక మాటేనా, గంత పాయిరం ఉంటే ఇద్దరిని ఒక పూట పిలిచి అన్నం పెట్టరాదు అన్న. పిలిచిన, ఒకడు వచ్చి, ఇంకోడు వస్తుండని తెలిసి చెప్పులేసుకొని ఎల్లిపోయిండు అన్నది. అదీ నిజమే.

ఇగ పెద్దమామను అడిగితే, నేనొద్దన్ననా, పెడదాం, గని మంచిది పెట్టాలె అన్నడు. ఆ మంచిది ఏందో చెప్పేటోడు భూమ్మీద పుట్టలే.

మొదట ఒకాయన నాగపూర్ నుంచి వచ్చిండు, మే నెలల, టై కట్టుకొని. చంద్రపూర్‌ల మే నెలల టై కట్టుకున్నోని తెలివిని ఏం నమ్మాలె అని పెద్దమామ నాకు తెలుగుల చెప్పిండు, ఆయనకు మాత్రం చల్లనీళ్లు ఇప్పిచ్చిండు. ఆయన కొత్త ఫోన్ తీసి చేతుల పెడితే పెద్దమామ దాన్ని మోటర్‌ను చూసినట్టు చూసిండు. రెండు చేతులతోని లేపి బరువు చూసిండు. ఏలు ముడితోని కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నడు. దీంట్ల రాగి ఏడున్నది అని అడిగిండు. రాగి ఉండదు కాకా అన్నడు ఆయన. రాగి లేని సామాను మా దుకాణంలకు రాదు అని వాపస్ చేతుల పెట్టిండు.

అయినా ఇడువలే. కరెంట్ పోతే అని అడిగిండు. బ్యాటరీ ఉంటది కాకా అన్నడు ఆయన. నెట్ పోతే? మీ మొబైల్‌కు మళ్లుతది. మొబైల్ టవర్ గూడ పోతే? గట్ల పోతే ఎవ్వరి ఫోనూ నడువది గద కాకా అన్నడు ఆయన చెమట తుడుచుకుంట. మా ల్యాండ్‌లైన్ నడుస్తది అన్నడు పెద్దమామ దర్జాగ. ఆ ల్యాండ్‌లైన్ ఆ రోజు పొద్దుగాల నుంచి చచ్చి ఉన్నది, రోడ్డు మీద ఎవలో గుంత తవ్వి తీగ తెంపిండ్రు.

ఇంకో కంపెనీ నుంచి ఒకామె వచ్చింది. ఓపికున్న మనిషి, బొమ్మ గీసి చెప్పింది. ఫోన్ల మాటలన్ని ముంబైల ఉన్న కంపెనీ కంప్యూటర్ దాక పోయి, ఆడికెళ్లి ఎవరికి పోవాల్నో వాళ్లకు పోతయన్నది. పెద్దమామ ఆ బొమ్మను మస్తుసేపు చూసిండు. "అంటే బిడ్డా, గీ గోడకు ఇటుకెళ్లి అటు మాట్లాడాలంటే నా మాట ముంబై పోయి రావాల్నా" అన్నడు. ఆమె నవ్వుకుంట, రెప్పపాటుల పోయొస్తది అంకుల్ అన్నది. గంత దూరం పోయే మాట ఏం బాగుంటది అని ఆమెను గూడ పంపిండు.

మూడో కంపెనోళ్ల దాంట్ల రాగి లేకున్నా బరువైతే ఉండె. పరీక్షకు బామ్నిల మా అమ్మకు ఫోన్ కలిపిండ్రు. వచ్చిన ప్రతి కంపెనీ ఫోన్‌ల ఆయన చేసే పరీక్ష అదే. దక్షిణం దిక్కు తిరిగి, ఏం కూర అని అడిగేటోడు. మా అమ్మ అప్పటికే ఇసిగిపోయి ఉన్నది. ఏ కూరైతే నీకెందుకు, తినొస్తవా అని కస్సుమన్నది. పెద్దమామ ఫోన్ పెట్టి, "మాట వినబడుతుంది, కోపం వినబడుతలేదు. మా చెల్లెకు కోపం వచ్చింది, నాకెరుకే. గని దీంట్ల సగమే వస్తుంది. పనికి రాదు" అన్నడు. ఆ కంపెనోళ్లు మా దుకాణంలకు మల్ల తొంగి చూడలే.

నడుమ నా గోస వినేటోడు లేడు. పెద్దమామ ఇటు అన్న ప్రతి మాట కంతలకెళ్లి అటు సాఫ్ వినబడుతది. అయినా నేను ఆ ఎండల బయటికొచ్చి, పచ్చ షట్టర్లకు పోయి, పెద్దమామ గిట్లన్నడు అని చెప్పాలె. చిన్నమామ అప్పుడే విన్నట్టు, గట్లన్నడా, సరే గిట్లను అని పంపాలె. ఆ జవాబు ఇటు ముందుగాలే వినబడేది. అయినా పెద్దమామ నేనొచ్చి చెప్పేదాక చెవులు లేనోని తీర్గ కూసునేటోడు. మీ ఇద్దరి నడుమ నేనే ఇంటర్నెట్ ఫోన్‌ను, ఇంకోటెందుకు అని ఒకరోజు నేను కంతలకు మొఖం పెట్టి ఇద్దరికి ఒక్కసారే వినబడేటట్టు తిట్టిన. ఇద్దరూ తలకాయలు వంచుకొని మోటర్లు తుడుసుకున్నరు.

ఆఖరికి ల్యాండ్‌లైన్ ఆఫీసోళ్లే తెంపేసిండ్రు ముచ్చట. ఈ గల్లీల రాగి తీగ తీసేస్తున్నం, పాత నంబరు కావాలంటే ఇంటర్నెట్ మీదికి మార్చుకోన్రి, లేకుంటే పోతది అన్నరు. పెద్దమామ ఆ రోజు ఏం ప్రశ్నలు అడగలే. రాగి తీసేస్తరట్నా అని మాత్రం అన్నడు. నాగపూరాయనకే ఫోన్ చేసిన. ఈసారి టై లేకుంట వచ్చిండు.

ఇగ అంకెల పంచాయితి. ఫోన్ చేసిన గిరాకికి ఎవలను ఏం పేరుతోని చెప్పాలె? పెద్దసేఠ్, చిన్నసేఠ్ అందామన్న. చిన్న అంటే ఊకోను అన్నడు చిన్నమామ. ఎడమ షట్టర్, కుడి షట్టర్ అందామన్న. రోడ్డు మీదికెళ్లి చూస్తే ఎడమనా, లోపల కూసోని చూస్తే ఎడమనా అన్నడు పెద్దమామ. ఆఖరికి నీలి షట్టర్, పచ్చ షట్టర్ అని పెట్టినం. ఆడికి సర్దుకున్నరు. గని ఒకటి ఎవలకు, రెండు ఎవలకు?

ఇక్కడ పని ఆగిపోయింది. నాగపూరాయన తీగలు పట్టుకొని నిలబడ్డడు. చిన్నమామ నాతోని, ఒకసారి కిందికి పోయిన, ఇగ రెండోసారి పోను అన్నడు. అది మోటర్ల మాట గాదు, ఫోన్ మాట గాదు, పెండ్లి కార్డు మాట. నేను బయటికొచ్చి నీలి షట్టర్లకు నడిచిన. నేను నోరు తెరువకముందే పెద్దమామ, "వానికి ఒకటియ్యి" అన్నడు.

నేను చూసిన. ఆయన నా దిక్కు చూడలే, బేరింగు డబ్బా మూత తిప్పుకుంట కూసున్నడు. నాకు కోపం ఆగలే. కార్డుల ఇయ్యరాని వరుస ఫోన్ల ఇస్తున్నవ్, ఈ బుద్ధి ఆ పొద్దే ఉంటే ఈ గోడెందుకు లేస్తుండె మామా అన్న. ఆయన తల లేపి, నీకు వ్యాపారం తెల్వది బిడ్డా, రెండు నడుమ ఉంటది, ఏలు పోంగనే దానికే తాకుతది, గిరాకంత ఇటే వస్తది అన్నడు. గంత పెద్ద మనసు చేసినా దానికి గింత మొండితనం పూయకుంటే ఆయనకు నిద్ర పట్టదు. పచ్చ షట్టర్లకు పోయి చెప్పిన. చిన్నమామ విననే విన్నడు. సరే అన్నడు.

రికార్డు గొంతు నాదే పెట్టిండ్రు. మరాఠీల, హిందీల, తెలుగుల మూడు సార్లు చెప్పాలె. నీలి షట్టర్ కోసం రెండు నొక్కుండ్రి అని నేను చెప్తుంటే పెద్దమామ పక్కన నిలబడి తప్పులు పట్టిండు. నవ్వుకుంట చెప్పు, గిరాకిని ఎల్లగొట్టినట్టు చెప్పకు అన్నడు. నవ్వుకుంట చెప్తే, గంత నవ్వకు, మోటర్ కాలిపోయి ఏడ్చుకుంట చేస్తరు మనుషులు, వాళ్లకు మండుతది అన్నడు. ఆఖరికి నవ్వకుంట ఏడ్వకుంట చెప్పిన. ఇగో, ఇది మనిషి గొంతు అన్నడు. జీవితంల ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

కొత్త ఫోన్లు చెరొకటి వచ్చినయ్. కంత మూయమని ఎవలూ అనలే. గని దానికి ఇగ పని లేదు. చిన్నమామ అటుకెళ్లి ఇనుప రాక్ నిలబెట్టిండు. పెద్దమామ ఇటుకెళ్లి క్యాలెండర్ తగిలేసిండు. మా అమ్మ చూసేటందుకు వచ్చి, క్యాలెండర్ దిక్కు చూసి, పోసిన చాయ్ తాగకుంట ఎల్లిపోయింది. నాతోని గూడ కొన్ని రోజులు సరిగ మాట్లాడలే.

కొత్త ఫోన్‌కు చిన్న తెర ఉంటది, చేసినోళ్ల నంబరు దాంట్ల పడతది. నంబరును పేరుతోని ఎక్కిస్తే పేరు గూడ పడతదని ఇద్దరికీ చూపిచ్చిన. చిన్నమామ అద్దాలు పెట్టుకొని చూసి, మల్ల జేబుల పెట్టుకున్నడు. పెద్దమామ, ఎత్తితే తెలుస్తనే ఉంటది గద ఎవలో, ముందుగాలే తెలిస్తే ఎత్తబుద్ధి గాదు అన్నడు. వెలుతురు కండ్లల్ల కొడుతుందని తెర మీద దేవుని స్టిక్కర్ అతికించిండు.

వ్యాపారం మంచిగ నడిచింది. ఎవరి గిరాకి వాళ్లకే పోయింది. నాగపూరాయన చెప్పినట్టే ఇద్దరికీ ఇంకొకని అవసరం లేకుంట పోయింది. నీకే అనేటోడు లేడు, అనిపించుకునేటోడు లేడు.

ఒకనాడు మధ్యాహ్నం పెద్దమామ దగ్గర సంతకాలు తీసుకునేటందుకు పోయిన. గల్లా దగ్గర లేడు. లోపలికి తొంగి చూస్తే, క్యాలెండర్ ముంగట నిలబడి ఉన్నడు, అంగి కిందికి గుంజుకొని, మొబైల్ చెవికి పెట్టుకొని. మొబైల్లకెళ్లి నా గొంతే సన్నగ వినబడ్డది. పచ్చ షట్టర్ కోసం ఒకటి నొక్కుండ్రి అంటున్న నేను. ఆయన చెవికాడికెళ్లి తీసి, ఏలు పెట్టి ఒకటి నొక్కి, మల్ల చెవికి పెట్టుకున్నడు. గోడకు అటు ఫోన్ మోగింది.

చిన్నమామ ఎత్తి హలో అన్నడు. ఆయన మాట గోడలకెళ్లి ఇటు వినబడుతనే ఉన్నది. పెద్దమామ ఏం మాట్లాడలే. ఆయనకు ఛాతిల జర గురగుర ఉంటుండె, అదొక్కటే వినబడ్డది. హలో, ఎవలు, చెప్పుండ్రి అన్నడు చిన్నమామ. కొంచెం ఆగి, మాట వస్తలేదనుకుంట, పెడుతున్న, ఎండ మస్తుగ ఉంది, బయట తిరుగకుండ్రి అన్నడు. పెద్దమామ ఫోన్ బంద్ చేసి వెనుకకు తిరిగిండు. నన్ను చూసిండు.

"లైన్ చెక్ చేస్తున్న" అన్నడు. "ముంబై దాక పోయొచ్చినా సాఫ్ వస్తుంది."

నాకు కాళ్లకెళ్లి మండింది. నోరు తెరిచి ఒక్క మాట అంటే నీదేం పోతది మామా అన్న. చెక్ చేస్తుంటే ఎవలన్న మాట్లాడుతరా అన్నడు, నేనే తెలివి తక్కువదాన్నైనట్టు. దినాం చెక్ చేస్తవా అంటే, వ్యాపారంల చెక్ చేసుకోవాలె బిడ్డా అన్నడు. నీ నంబరు ఆడ తెర మీద పడతది మామా అని నా నోటిదాక వచ్చింది. చెప్తే ముసలాయన మొఖం యాడ పెట్టుకుంటడో అని మింగిన. చిన్నమామ అసలు తెర చూస్తుండో లేదో గూడ నాకెరుక లేదు. చూస్తే ఊకుంటడా, ఏదో ఒక మాట అననే అంటుండె గదా అనుకున్న. సంతకాలు తీసుకొని వచ్చిన. అప్పటినుంచి మధ్యాహ్నం పోయినప్పుడల్లా ఆయన చెక్ చేస్తనే ఉన్నడు. ఆ గోడను, ఆ క్యాలెండర్‌ను, ఆ ఇద్దరినీ కలిపి కాలువల ఏసి రావాలనిపించేది.

చలికాలంల ఒక పొద్దుగాల పెద్దమామ నీలి షట్టర్ సగం లేపి ఆడనే కూలబడ్డడు. పచ్చ షట్టర్లకెళ్లి చిన్నమామ ఉరికొచ్చి ఆటోల ఏసుకున్నడు. దవాఖాన దాక అన్న తల ఒళ్లె పెట్టుకొని ఆపకుంట మాట్లాడిండట. దవాఖానోళ్లు చూసి, దారిలనే పోయిండన్నరు.

దినాలు అయిపోయినంక, పెద్దమామ బిడ్డ దుకాణం నడుపది గనుక, రెండు నొక్కితే ఎవలూ ఎత్తని ఫోన్ మోగుతనే ఉంటది గనుక, ఆ మాట తీసేద్దామని పచ్చ షట్టర్‌కు పోయిన. మధ్యాహ్నం. చిన్నమామ అన్నం తిని ఫోన్ ముంగట కూసోని ఉన్నడు. రెండు తీసేస్త మామా అన్న. ఊ అన్నడు. నేను కంప్యూటర్ తెరిచిన. ఆయన జేబులకెళ్లి అద్దాలు తీసి పెట్టుకొని ఫోన్ తెర దిక్కు చూసిండు. తెర మీద ఏం లేదు. "ఈ యాళ్లకు చేసేటోడు" అన్నడు.

పేరు పడుతుండెనా మామా అన్న. మొదటి రోజు నుంచే అన్నడు. "అన్న" అని నేనే ఎక్కిచ్చిన దాంట్ల అన్నడు.

ఇగ నాకు ఏడుపూ కోపం ఒక్కసారే వచ్చినయ్. ఆయనంటే మొండోడు, నీకేమైంది, అన్ని రోజులు ఎరుకై గూడ ఒక్కసారన్న అన్నా అని పిలువకపోతివి గద మామా అన్న.

చిన్నమామ అద్దాలు తీసి అంగి అంచుతోని తుడుచుకున్నడు.

"పిలిస్తే మల్ల చేస్తుండెనా" అన్నడు.